చింతమొద్దుల్లో దెయ్యపు మేకులు

ముప్పయ్యేళ్ళకు పైగా పళ్ళు నూరి రిటైరైన మనిషిని నేను. ఎవరి మీదా కోపంతో కాదు. అవి రంపాల పళ్ళు. చైన్ రంపం అనే పెట్రోలు రాక్షసి నోట్లో సైకిలు చైను లాంటిది ఒకటి గిరగిరా తిరుగుతుంది. దానికి పళ్ళుంటాయి. ఆ పళ్ళు మొద్దుబారితే తిరుపతిలో మా షాపుకు తెచ్చేవాళ్ళు, నేను పదును పెట్టి పంపేవాణ్ణి. నా ఉద్యోగమంతా ఇంతే. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, "పెద్దాయనా, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. అంటే నేనెంత గొప్పవాణ్ణో నా నోటితోనే చెప్పమని. అలాంటి సరుకు నా దగ్గర తక్కువ. ఒక మామిడికాయల సీజన్లో దెయ్యాలతో పడిన పాట్ల గురించైతే చెప్పగలను.

మాది చిత్తూరు. సాన పట్టడం మా ఇంటి విద్య. మా అబ్బాజాన్ సైకిలుకు స్టాండు వేసి, వెనక చక్రంతో సానరాయి తిరిగేట్టు బిగించి, తొక్కుతూ కత్తులకూ కత్తెరలకూ పదును పెట్టేవాడు. రోజంతా తొక్కినా సైకిలు అంగుళం కదిలేది కాదు. ఆ సైకిలు నాకొద్దని నేను తిరుపతి పోయి రంపాలు అమ్మే షాపులో చేరాను. తీరా చూస్తే అక్కడా సానే. కాకపోతే కరెంటు సాన, తొక్కే పని తప్పింది.

మా ఓనరుకు రెండింటి మీద అపారమైన భక్తి. ఒకటి కొండమీది స్వామి, రెండోది విదేశీ సామాను. మద్రాసులో ఎవరో షాపు మూసేస్తున్నారని తెలిసి, పోయి ఒక స్క్వేర్ గ్రైండరు పట్టుకొచ్చాడు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, అన్నీ అయ్యాక నన్ను పిలిచి, "భాయ్, ఇది ఎట్లా పనిచేస్తాదో సూడు" అన్నాడు. ఆయనకు తెలియదు. అమ్మినవాడికీ తెలిసినట్టు లేదు. దాంతోపాటు వచ్చిన పుస్తకంలో బొమ్మలున్న పేజీలన్నీ ఎలుకలు తినేశాయి. నాకు అర్థంకాని ఇంగ్లీషు పేజీలను మాత్రం అవి కూడా ముట్టుకోలేదు.

మామూలు గ్రైండరు పంటి లోపలి భాగాన్ని గుండ్రంగా గీరుతుంది. ఈ స్క్వేర్ గ్రైండరు అలా కాదు. ముందు రాయి అంచునే మూలగా చెక్కుకోవాలి. ఆ మూల పోయి పంటి మూలలో కరెక్టుగా కూర్చుంటే, పైఅంచూ పక్కఅంచూ ఒకే దెబ్బకు తెగి, అవి కలిసే చోట ముల్లు లాంటి కొన వస్తుంది. రాయి వెంట్రుకవాసి పైకి పోయినా కిందికి పోయినా ఆ పన్ను దండగ. చాలా పళ్ళు దండగ చేశాక నాకు పద్ధతి చిక్కింది. ఆ చైను ఎక్కించి నీలగిరి దుంగ మీద పెడితే రంపాన్ని నొక్కే పనే లేదు, దాని బరువుకు అదే దిగిపోయేది. పొట్టు పొడిగా రాలకుండా పీచుపీచుగా ఎగిరేది. ఒకటే లోపం, అది గడ్డం గీసే కత్తి లాంటి పదును. మట్టి తగిలినా, రాయి తగిలినా కొన పోతుంది. పోతే ఉన్నచోటే ఆకురాయితో సరిచేసుకోవడం కుదరదు, మళ్ళీ మిషను ఎక్కించాల్సిందే.

ఆ లోపం ఎంత పెద్దదో అప్పటికి మాకెవరికీ తెలియదు. శుభ్రమైన సవుకు కట్టె, అదే సరుగుడు, నీలగిరి కట్టె మీదే కదా కోసి చూసింది. ఓనరు షాపు ముందు సవుకు దుంగలు పెట్టించి, తిరుచానూరుకు పోయే భక్తులు కూడా ఆగి చూసేట్టు కోయించేవాడు. ఒకావిడ చేతులు జోడించి, హుండీ ఎక్కడుందని అడిగింది.

కోసేవాడు మా కోత మేస్త్రి. తమిళనాడు సరిహద్దు మనిషి. రంపాన్ని ఒంటిచేత్తో ఎత్తి స్టార్టు చేసేవాడు. మీసాలు చూస్తే ఎదుటివాడికి దడ పుట్టేది. అంత మనిషికీ మూడంటే భయం: బల్లి, భార్య, దెయ్యం. మొదటి రెండింటినీ తప్పించుకుని తిరగడం నేర్చుకున్నాడు. మూడోదే మమ్మల్ని పట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల సంగతి ఇది. రోడ్డు వెడల్పు చేయడానికి దారి పక్క ముసలి చింతచెట్లు కొట్టేశారు. కాణిపాకం దాటాక ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. దాని మేనేజరు ఆ మొద్దులు చవగ్గా వస్తున్నాయని అన్నీ కొని ఆవరణలో గుట్ట పోయించాడు. ఇక సీజనంతా బాయిలరుకు కట్టెల కరువు లేదని సంబరపడ్డాడు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. చింతమొద్దులు బాయిలరు నోట్లో పట్టలేదు. గొడ్డలి పట్టే కూలీలందరూ మామిడికోతల్లో ఉన్నారు. అప్పుడు మా షాపుకు ఫోను చేశాడు. మా ఓనరు ఏమాత్రం తడుముకోకుండా, "మా స్క్వేర్ చైను పెడితే సింతమొద్దు వెన్నముద్ద సార్" అన్నాడు. పక్కనే ఉన్న నేనూ మేస్త్రీ తలలు ఊపాము. వెన్నముద్ద అంటే ఎవరికి చేదు?

గ్రైండరునూ రంపాన్నీ, షాపులో ఉన్న చైన్లన్నిటినీ వ్యానులో వేసుకుని మేమిద్దరం పోయాము. ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. అన్నింట్లో తోతాపురి కాయే. బాయిలరు అరకొరగా మండుతోంది కాబట్టి లోపల పని అరకొరగా నడుస్తోంది, బయట వరస కదలడం లేదు. కాయ ఎండకు ఉడుకుతోంది. ఆ చుట్టుపక్కల అన్ని ఫ్యాక్టరీల దగ్గరా ఇదే వరస. ఇంకోచోటికి పోదామన్నా, పోయి ఆ వరస చివర నిలబడాలి. ట్రాక్టర్ల కింద రసం కారి రోడ్డు జిగటగా ఉంది. ఈగలకు మాత్రం పండగ.

గేటు లోపల రేకుల షెడ్డులో గ్రైండరు బిగించుకున్నాను. గేటుకు దగ్గరలో ఉన్న ఒక ట్రాక్టరు మీద, గోనెపట్టా నీడలో ఒకామె కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. బండి నడిపేది ఆమె తమ్ముడు. మగవాళ్ళందరూ కిందికి దిగి బీడీలు కాలుస్తుంటే ఆమె మాత్రం కాయను వదిలి దిగలేదు. నన్ను చూడగానే పిలిచింది.

"సాయిబన్నా, నీ మిషను ఎప్పుడు కోస్తాది, ఆ బాయిలరు ఎప్పుడు మండుతాది, నా కాయ ఎప్పుడు లోపలికి పోతాది? మూడూ ఒకేసారి సెప్పు."

"సాయంత్రానికి మండుతుందమ్మా" అన్నాను.

"ఏ సాయంత్రానికి?"

ఆమె సంగతి ఆ మధ్యాహ్నమే తెలిసింది, ఆమే చెప్పింది. ఆ వైపు తోటలను పూత మీదే గుత్తకిచ్చేస్తారు. పూత రాగానే వ్యాపారి వచ్చి చెట్లు చూసి ఒక ధర అనుకుంటాడు. ఆ తర్వాత ఎంత కాసినా కాయ అతనిదే, నష్టం కూడా అతనిదే అంటారు గానీ ఏ వ్యాపారీ నష్టపోయినట్టు నేను వినలేదు. వాళ్ళింట్లోనూ అంతే. ఈ ఏడు మాత్రం ఆమె గుత్తకు ఒప్పుకోలేదు. నీళ్ళు కట్టించి, కాపలా కాసి, కాయ కోయించి, తానే ఫ్యాక్టరీకి తోలుకొచ్చింది. మొగుడు అలిగి అక్కగారింటికి పోయాడు.

"కాయ కుళ్ళినాక కబురుసెయ్, వచ్చి సూస్తా అని పోయినాడన్నా" అంది. "ఇది కుళ్ళిందంటే సచ్చేదాకా ఆ మాట ఇంటా. మళ్ళా తోట మొకం సూడనీయరు నన్ను."

నవ్వుతూనే చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక కాయను తీసి వేలితో నొక్కి చూస్తూనే ఉంది.

మేస్త్రి మొదటి మొద్దు మీద రంపం పెట్టాడు. నిజంగానే వెన్నముద్ద లాగే దిగింది. ఫ్యాక్టరీవాళ్ళు చప్పట్లు కొట్టారు. బెత్తెడు దిగాక, కర్ర్‌మని అరిచి నిప్పులు చిమ్మింది. చైను విప్పి చూస్తే ఒక పక్క పళ్ళకు కొనలే లేవు. ఇంకో చైను ఎక్కించాడు, కొంచెం పక్కన పెట్టాడు. మళ్ళీ నిప్పులే. కోసిన చోట చూస్తే కట్టె ఎర్రగా ఉండాల్సింది పోయి సిరా ఒలికినట్టు నల్లగా ఉంది. చెట్టు లోపల ఇనుము ఉంటే అలా అవుతుంది. ఉలితో తవ్వితే జానెడు పొడుగున్న మేకు బయటపడింది. నాలుగు పలకలది, కొలిమిలో చేయించినది.

గేటు కాపలాదారు తొంగిచూసి, అదేదో చుట్టం ముఖమైనట్టు, "ఓ, ఇవి ఆ మంత్రగాడి మలుపులో సెట్లేనా?" అన్నాడు.

ఆ మలుపులో ఒక మంత్రగాడు ఉండేవాడట. దెయ్యం పట్టిందని ఎవరినైనా తెస్తే, వేపమండలతో బాది, జుట్టు చింతచెట్టుకు ఆనించి, వెంట్రుకలతో సహా మేకు కొట్టేవాడట. జుట్టు కత్తిరిస్తే మనిషి ఇంటికి, దెయ్యం చెట్టుకు. ఒక జీవితకాలం ఇదే పని చేశాడు. చెట్టేమో మేకులను మింగుతూ బెరడు కప్పుకుంటూ పెరిగింది. అతను పోయి చాలాకాలమైంది, వారసులు లేరు. ఏ మేకు ఎక్కడుందో చెప్పేవాడు లేడు.

ఇది విన్న మా మేస్త్రి రంపాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు. "ఇదంతా పేయి మొద్దప్పా. నేను ముట్టను. నా పెండ్లాం ఒక్కతే సాలు నాకు" అన్నాడు. పేయి అంటే వాళ్ళ వైపు దెయ్యం.

మేనేజరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఏవండీ, వెన్నముద్దన్నారు కదండీ మీ ఓనరు గారు?" అన్నాడు. నేను గ్రైండరు వైపు తిరిగిపోయాను. మేస్త్రికి ఎలాగో నచ్చజెప్పి, మెళ్ళో నిమ్మకాయలు కట్టించి కోయించాను. అతను కోయడం, నిప్పులు, నేను సాన పట్టడం, మళ్ళీ నిప్పులు. ఒక పన్ను విరిగితే దానికి సమానంగా మిగతా పళ్ళన్నిటినీ అరగదీయాలి. లేకపోతే రంపం ఒక పక్కకే లాగుతుంది. అలా అరగదీసీ అరగదీసీ, పొద్దు గూకేసరికి మా చైన్లన్నీ పండుముసలివాడి నోరయ్యాయి. బాయిలరుకు అందిన కట్టె ఒక పొయ్యికి సరిపోయేంత.

మరునాడు పొద్దున పొగగొట్టంలో పొగ ఆగిపోయింది.

ఆగిన పొగను అందరికంటే ముందు ట్రాక్టర్లవాళ్ళే చూశారు. లోపల పని చేసేవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. మేనేజరు గేటు దగ్గరకు వచ్చి, ఎవరైనా వేరే ఫ్యాక్టరీకి పోదలచుకుంటే పోవచ్చునని చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినా తిట్లు తప్పలేదు. నేను ఒక్క కొత్త చైను మాత్రం వాడనీయకుండా దాచి ఉంచాను. దాన్ని చేత్తో పట్టుకుని, నేనూ గేటు దగ్గరకు పోయాను.

"మీరంతా ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కదా. ఆ చెట్లకు మేకులు ఎక్కడెక్కడ కొట్టారో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి. అవి పీకేస్తే ఈ చైనుతో కోసేస్తాం."

అంతసేపూ అరుస్తున్న జనం ఒక్కసారిగా చల్లబడ్డారు. ఒకాయన మాకు అసలు ఆ చెట్లే తెలియవన్నాడు. ఇంకొకాయన తమ ఊళ్ళో దెయ్యాలే లేవన్నాడు. వాళ్ళలో బడిపంతులు ఒకడు, సొంత తోట కాయతో వచ్చినవాడు, ఇవన్నీ మూఢనమ్మకాలని చెప్పి, జనం ఎప్పటికి బాగుపడతారో అని నిట్టూర్చాడు. అందరూ ఔనౌనన్నారు. వాళ్ళను నమ్మితే ఆ మంత్రగాడు జీవితమంతా ఊరికే చెట్టుతో మాట్లాడుకున్నాడనుకోవాలి. నాకు అర్థమైంది. మేకు చూపిస్తే, మా ఇంట్లో ఫలానావాళ్ళకు దెయ్యం పట్టిందని పదిమందిలో ఒప్పుకోవడమే. వాళ్ళలో సగం మంది ఒకరికొకరు వియ్యపువాళ్ళు. మిగతా సగం కాబోయే వియ్యపువాళ్ళు.

అప్పుడు గోనెపట్టా కిందనుంచి ఆమె దిగింది. ఆమె దిగడం నేను చూడడం అదే మొదటిసారి.

"ఒకటి నాది" అంది, అందరికీ వినబడేట్టు. "తెల్లసున్నం పట్టీ ఉండాదే, దానికి పైన. రోడ్డు దిక్కు. పంగ కింద."

ఆమె తమ్ముడు తల వంచుకున్నాడు.

"ఏమట్లా సూస్తారు? మీ ఇండ్లల్లో లేవా? నా పక్కన కట్టేసినోళ్ళను నేను సూడలేదనుకున్నారా?" అంది. జనం రెండడుగులు వెనక్కి జరిగారు. "సరే, సెప్పుకోడానికి సిగ్గయితే ఈ సాయిబన్న సెవులో సెప్పండి. బయటికి సెప్పనని ఈయన కాణిపాకం సామి మీద ప్రమాణం సేస్తాడు."

ఆ దేవుడి మీద అబద్ధపు ప్రమాణం చేస్తే నిలవదని ఆ వైపు చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తగాదాలు కోర్టుల్లో కంటే అక్కడే త్వరగా తెగుతాయి. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. "నేను సాయిబును. నా ప్రమాణం చెల్లుతుందా అమ్మా?"

"సెల్లకపోతే ఆయనే సూసుకుంటాడు. నువ్వు సెయ్యి సాపు."

కాణిపాకం దిక్కుకు తిరిగి, చెయ్యి చాపి, ఏ మేకు ఎవరిదో ఈ జన్మలో ఎవరికీ చెప్పనని ప్రమాణం చేశాను. అందుకే ఇందులో ఒక్క పేరూ రాయలేదు. వయసు మీదపడి మరిచిపోయానని అనుకోకండి.

మేస్త్రి ఊరుకోలేదు. "మేకులు పీకితే పేయిలు లేసి వస్తాయే! అప్పుడెన్న సేసేది?"

"వస్తే మళ్ళా కొడదాం మేకు, ఊర్లో సెట్లకేం కరువా?" అంది ఆమె. "కాయ కుళ్ళితే మళ్ళా వస్తాదా? అయినా అవి మా దెయ్యాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకబ్బా?"

మేస్త్రి మెళ్ళో నిమ్మకాయలు తడుముకుంటూ పక్కకు పోయాడు. షెడ్డులో గ్రైండరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, చెప్పి పోయారు. నేను పోయి మొద్దు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి వచ్చేవాణ్ణి. దర్జీలు కూడా అంత రహస్యంగా కొలతలు తీసుకోరు. మేనేజరు రెండుసార్లు వచ్చి, "ఏం జరుగుతోందండీ ఇక్కడ?" అని అడిగాడు. ప్రమాణం అడ్డమొచ్చిందండీ అన్నాను.

పేర్లు చెప్పనన్నాను గానీ, దెయ్యాల సంగతి చెప్పనని అనలేదు కదా. పది తప్పిన కొడుక్కి కొట్టించిన మేకు ఒకటి. పాలివ్వని గేదెకు ఒకటి. ఆ గేదె జుట్టు ఎలా ఆనించారని అడిగితే తోక ఆనించామన్నాడు. కోడలికి కొట్టిస్తున్నానని అత్త అనుకున్నది ఒకటుంది. కోడలు ముందే మంత్రగాణ్ణి మంచిచేసుకుని దాన్ని అత్త పేరున కొట్టించింది. ఆ అత్త ఇప్పటికీ కోడలికి బాగైందని సంతోషిస్తోందట. అన్నదమ్ములిద్దరు వేరువేరుగా వచ్చి ఒకే మేకు చూపించారు. అది మా తమ్ముడిదని అన్న, మా అన్నదని తమ్ముడు. బడిపంతులు అందరూ పోయాక వచ్చాడు. మూఢనమ్మకాలే గానీ, శాస్త్రీయ దృష్టితో సమాచారం ఇస్తున్నానన్నాడు. రెండు మేకుల సమాచారం ఇచ్చాడు.

ఇక పీకేదెవరు? అందరూ నా వైపు చూశారు. "నువ్వు సాయిబువు, మా దెయ్యాలు నిన్ను పట్టవు" అని తేల్చారు. మా దర్గాకు దెయ్యం వదిలించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది వీళ్ళే. అక్కడికి రావడం తెలిసిన దెయ్యానికి నా ఇల్లు కనుక్కోవడం ఎంత పని? ఆ మాట అంటే మళ్ళీ మొదటికొస్తుందని అనలేదు. మొదటి మేకు కీచుమని ఊడి వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఏమీ కాలేదు. చీమ కుట్టింది, అంతే.

బెరడు మీద మట్టి పదునును తినేస్తుందని కోత పడే చోట సుద్దగీత గీయడానికి ముందు గొడ్డలితో చెక్కించాను. ఆ పనికి ట్రాక్టర్లవాళ్ళే దిగారు, కాయ వాళ్ళది కదా. ఉలి వేసి, గునపంతో ఎత్తి, పట్టకారుతో లాగాను. మరీ లోతుగా ఉన్నవాటిని వదిలేసి, వాటికి ఒక చేయి దూరంలో కోయమన్నాను. ఈలోగా మా ఓనరు తిరుపతిలో ఎవరి దగ్గరో అరువు తెచ్చిన ఇంకొన్ని చైన్లు తీసుకుని కారులో దిగాడు. జరుగుతున్నది విని ముఖం అదోలా పెట్టాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, నన్ను బాయిలరు వెనక్కి తీసుకుపోయాడు.

"భాయ్, ప్రమాణం నిజంగానే సేసినావా?"

"చేశాను సార్."

"ఆ తొర్ర ఉండే మొద్దు ఉండాది సూడు, తొర్రకు కుడిపక్క ఒకటి ఉంటాది." గొంతు ఇంకా తగ్గించాడు. "నేను సర్కసోళ్ళతో ఎల్లిపోయినప్పుడు మా నాయన కొట్టించినాడు."

ఆయన సొంతూరు ఆ పక్కదని నాకు అప్పుడే తెలిసింది. సర్కసులో ఏం చేసేవాడని అడగబోయి, ఉద్యోగం గుర్తొచ్చి మానుకున్నాను. ఆ మేకు పీకుతున్నంతసేపూ ఆయన ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి కొత్త చైను ఎక్కించి, నిమ్మకాయలు సవరించుకుని, సుద్దగీత మీద రంపం పెట్టాడు. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. దిగింది. సగం దాకా దిగింది. అవతలికి వచ్చేసింది. రెండు ముక్కలూ చెరోవైపు పడ్డాయి. ఎర్రటి కట్టె, నలుపన్నదే లేదు. చింత చింతే కాబట్టి చైను త్వరగా అలిసిపోయేది, నేను మళ్ళీ కొనలు తీసి ఇచ్చేవాణ్ణి. అయినా పని ఆగలేదు. ముక్కలు చేతి నుంచి చేతికి బాయిలరు నోట్లోకి పోయాయి. ఎండ తగ్గే వేళకు పొగగొట్టం నుంచి ముందు తెల్లగా, తర్వాత నల్లగా పొగ లేచింది. రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్ల హారన్లు మోగాయి. మేనేజరు నా చేతులు పట్టుకుని, "వెన్నముద్దేనండీ" అన్నాడు. నా జన్మలో నా పనికి ఎవరైనా హారన్లు కొట్టడం అదొక్కసారే. ఏడుపొచ్చినంత పనైంది, రంపపు పొట్టు కంట్లో పడిందని తుడుచుకున్నాను.

వరస కదిలింది. ఆమె ట్రాక్టరు గేటుకు ఇంకొక్క బండి దూరంలోకి వచ్చింది. అడుగున ఉన్న కాయ పోయింది. దాన్ని ఆమే తీసి పారేసింది. మిగతాది గట్టిగానే ఉంది. ఆమె చెప్పిన మేకు ఉన్న మొద్దు గుట్ట అడుగున ఉండడంతో అప్పటికిగానీ బయటపడలేదు. తెల్లసున్నం పట్టీకి పైన, పంగ కింద, ఆమె చెప్పిన చోటే. ఉలి వేస్తున్నాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"ఎందుకు కొట్టించారమ్మా?" అన్నాను. అడగకూడదు. అయినా ఆమెది రహస్యం కాదు కదా.

"పెండ్లయిన మరుసటేడు. పూత మీద తోటను గుత్తకిస్తా ఉంటే, వద్దు, నేనే కాపలా కాసి కాయ అమ్ముతా అన్నా. యాపారి ముందర, మా మామ ముందర. కొత్తకోడలు అట్లా మాట్లాడతాదా, అది మాట్లాడలేదు, దాంట్లో ఇంకెవరో మాట్లాడతా ఉండారు అన్నారు." వేపమండల దెబ్బలు గుర్తొచ్చాయో ఏమో, మోచెయ్యి రుద్దుకుంది. "మూడు దినాలు కట్టేసినారు ఈ సెట్టుకే."

మేకు వచ్చింది. నల్లగా, పొడుగ్గా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. దానికి నాలుగు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, మసిలాగా ముట్టుకుంటే రాలిపోయాయి. ఊరికే ఉండలేక, "ఆ దెయ్యం ఇప్పుడు ఏమైనట్టమ్మా?" అన్నాను.

ఆమె తన ట్రాక్టరు నిండా ఉన్న కాయ వైపు చూసింది.

"యాడికి పోతాదన్నా? మేకు సెట్టుకు కదా కొట్టినారు" అంది.

గేటు కాపలాదారు ఆమె బండిని పిలిచాడు. ట్రెయిలరు వెనకతలుపు చీల ఊడిపోయి తాడుతో కట్టి ఉంది. తలుపు కుదుపుకు తెరుచుకునేట్టుంది. ఆమె తాడు విప్పి పారేసి, నా చేతిలోంచి మేకు తీసుకుని, చీల పోయిన కన్నంలో పెట్టి, రాయితో రెండు దెబ్బలు వేసింది. లాగి చూసింది. కదల్లేదు.

"పోనీరా బండి" అని తమ్ముడికి చెప్పి, కాయ వెనకాలే నడుచుకుంటూ లోపలికి పోయింది.